జ్వరంతో పాటు మాట తడబడితే: మెదడుకు సోకే వైరస్‌లను వేరుచేసి గుర్తుపట్టడం ఎలా

మెదడువాపు అనగానే మనలో చాలామందికి ఒకే జబ్బు మనసులో మెదులుతుంది. దోమలు, పందులు, ఆసుపత్రి మంచాల మీద పసిపిల్లలు. నిజానికి ఆ పేరు ఒక జబ్బుది కాదు. మెదడు కణజాలం వాచిపోయిన స్థితికి అది పేరు. ఆ స్థితికి చేర్చే వైరస్‌లు పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఒకదానికి మంచి మందు ఉంది, సకాలంలో మొదలుపెడితే మనిషి దక్కుతాడు. మరొకదానికి లక్షణాలు కనబడ్డాక ఏ మందూ పనిచేయదు, ముందు జాగ్రత్త ఒక్కటే దిక్కు. ఇంకొకటి బయటపడితే రోగితో పాటు వార్డులో ఉన్న అందరినీ కాపాడుకోవాలి. వాటిని వేరుచేసి గుర్తుపట్టాల్సిన అవసరం ఇక్కడే ఉంది.

ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థులు, కొత్తగా వార్డులో అడుగుపెట్టిన హౌస్ సర్జన్లు, ఇంట్లో ఇలాంటి కష్టం వచ్చినవాళ్ళు అందరికీ అర్థమయ్యేలా రాయాలని ప్రయత్నించాను. వార్డులో ఇన్నేళ్ళుగా చూసి నేను నమ్మే మాట ఒకటుంది: వైరస్ పేరును స్కానింగ్ యంత్రం కన్నా ముందు రోగి వెంట వచ్చినవాళ్ళ మాటలే పట్టిస్తాయి. వాళ్ళను ఏమి అడగాలో మనకు తెలిసి ఉండాలి, అంతే.

మొదటి అడుగు: ఇది మెదడు దాకా వెళ్ళిందా?

జ్వరం తీవ్రంగా ఉంటే ఎవరైనా నీరసంగా పడుకుంటారు, పలవరిస్తారు కూడా. జ్వరం దిగినప్పుడైనా మనిషి మామూలుగా మాట్లాడుతున్నాడా అన్నది చూడాలి. పారాసిటమాల్ వేసి, చెమట పట్టి, ఒళ్ళు చల్లబడ్డాక కూడా పిల్లవాడు తల్లిని గుర్తుపట్టకపోయినా, మగతగా ఉన్నా, అర్థంలేని మాటలు మాట్లాడుతున్నా అది మామూలు జ్వరం కాదు. జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చినా అంతే. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఒట్టి జ్వరానికే ఫిట్స్ రావచ్చు. అయితే అవి పదిహేను నిమిషాల లోపే ఆగిపోతాయి, కాసేపటికి బిడ్డ లేచి మామూలుగా ఆడుకుంటుంది. లేవకపోతే, ఫిట్స్ మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఇక ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఆగకండి. 108కి ఫోను చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి.

ఆసుపత్రిలో అన్నిటికన్నా ముందు చేయాల్సింది వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి చక్కెర ఎంత ఉందో చూడటం. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏళ్ళ తరబడి వేసవిలో పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్‌తో చనిపోతుంటే అంతుపట్టని వైరస్ అనుకున్నారు. రాత్రి అన్నం తినకుండా, తోటల్లో లిచీ పండ్లు తిని పడుకున్న పిల్లల్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతోందని, ఆ పండులోని పదార్థమే అందుకు కారణమని తర్వాతి పరిశోధనల్లో తేలింది. చక్కెర నీళ్ళతో ఆగే ప్రాణాలు అవి. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

రెండో అడుగు: దెబ్బ ఎక్కడ తగిలింది?

మెదడు చుట్టూ ఉండే పొరలకా, మెదడుకా, వెన్నుపాముకా, నరాలకా అన్నది తేల్చుకుంటే సగం దారి దొరికినట్టే. తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం ఉండి, అడిగినదానికి మనిషి సరిగ్గా జవాబు చెబుతున్నాడంటే వాపు పొరల వరకే ఉంది. పేగుల్లో పెరిగే ఎంటెరో వైరస్‌లు, గవదబిళ్ళల వైరస్ ఎక్కువగా ఇలా చేస్తాయి. వీళ్ళలో చాలామంది వారం పది రోజుల్లో వాళ్ళంతట వాళ్ళే కోలుకుంటారు.

స్పృహ మారితే, స్వభావం మారితే, ఫిట్స్ వస్తే మెదడే దెబ్బతిన్నదని అర్థం. తెలివి బాగానే ఉండి కాలు చేయి చచ్చుబడితే వెన్నుపాము వైపు, నరాల వైపు చూడాలి. ఒక కాలు మాత్రమే, అదీ జ్వరంతో పాటు ఒకటి రెండు రోజుల్లో, గిచ్చితే నొప్పి తెలుస్తూనే మెత్తగా వేలాడిపోతే అది పోలియో తరహా దెబ్బ. రెండు కాళ్ళూ సమానంగా, కింద నుంచి పైకి, జ్వరం తగ్గాక బలహీనపడితే గిలాన్ బారే కావచ్చు. అది వైరస్ నేరుగా చేసేది కాదు, వైరస్ మీదికి లేచిన మన రక్షణ వ్యవస్థ పొరబాటున మన నరాల మీదే పడటం. మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువపత్రం దక్కింది. అయినా పదిహేనేళ్ళ లోపు పిల్లల్లో ఎవరికి కాలు చేయి మెత్తబడినా 24 గంటల ఎడంతో రెండు మలం నమూనాలు పంపాల్సిందే. ఆ నిఘా సడలితే పోలియో తిరిగొచ్చినా మనకు తెలియదు.

మూడో అడుగు: పూర్వాపరాలు

నేను పడక పక్కన కూర్చుని అడిగే ప్రశ్నలు ఇవి. ఎన్ని రోజులైంది? రోజుల్లోనా, గంటల్లోనా? ఊరు ఏది, ఇంటి చుట్టూ ఏముంది, వరిమళ్ళా, పందుల పాకలా, మట్టి గోడలా? గత ఆరు నెలల్లో, వీలైతే ఏడాదిలో, కుక్క కానీ పిల్లి కానీ కరిచిందా, గీరిందా? ఒంటి మీద పొక్కులు, దద్దుర్లు వచ్చాయా? ఇంట్లో, ఇరుగుపొరుగులో ఇంకెవరికైనా ఇలాగే ఉందా? ఏ టీకాలు వేయించారు? కార్డు ఉందా? ఈ మధ్య ఎక్కడికి వెళ్ళొచ్చారు? జ్వరానికి ముందు మనిషి ప్రవర్తనలో ఏదైనా తేడా గమనించారా?

చివరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు తడబడుతూ వస్తుంది. "గాలి సోకిందనుకున్నామండీ" అంటారు తల దించుకుని. వాళ్ళను కసరకండి. కసిరితే తర్వాతి ప్రశ్నకు నిజం చెప్పరు, మనకు కావాల్సింది ఆ నిజమే.

నాలుగో అడుగు: వైరస్ కానివాటిని ముందు పక్కకు పెట్టడం

మెదడు మలేరియా, బ్యాక్టీరియా వల్ల వచ్చే పొరల వాపు, క్షయ, స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే బ్యాక్టీరియా జ్వరం). ఈ నాలుగింటికీ మందులున్నాయి. నాలుగూ వైరస్ వేషంలోనే వస్తాయి. మలేరియాకు రక్త పరీక్ష వెంటనే చేయాలి. క్షయ మెల్లగా, వారాల తరబడి తలనొప్పితో, బరువు తగ్గుతూ వస్తుంది. స్క్రబ్ టైఫస్‌కు మాత్రం బట్టలు తీసి ఒళ్ళంతా వెతకాలి. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, చెవి వెనక సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో జపనీస్ మెదడువాపు (దోమ మోసుకొచ్చే వైరస్ జబ్బు) టీకా వచ్చాక కూడా తగ్గని మెదడువాపు కేసుల్లో పెద్ద వాటా స్క్రబ్ టైఫస్‌దేనని తర్వాత బయటపడింది. దానికి మందు డాక్సీసైక్లిన్, ఎక్కడైనా దొరికే చవక మాత్ర.

ఐదో అడుగు: పేరు తెలియకముందే మొదలుపెట్టాల్సిన మందు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుపెట్టుకుంటాను అంటే, ఇదే గుర్తుపెట్టుకోండి.

కిరాణా కొట్టు నడిపే నలభై దాటిన మనిషి ఒకరు మా వార్డుకు వచ్చారు. రెండు రోజుల జ్వరం. మొదటి రోజు సాయంత్రం వంద నోటు ఇచ్చినవాళ్ళకు ఐదు వందలు చిల్లర ఇచ్చారట. భార్యను చెల్లెలి పేరుతో పిలిచారు. కొట్టులో ఏదో కాలుతున్న వాసన వస్తోందని మాటిమాటికీ గోనె సంచులు ఎత్తి చూశారు. ఏమీ కాలడం లేదు. మూడో రోజు పొద్దున కుడి చేయి కొట్టుకుంటూ ఫిట్స్ వచ్చాక ఆసుపత్రికి తెచ్చారు. లేని వాసన రావడం, మాటలు తారుమారు కావడం, పేర్లు మర్చిపోవడం: ఈ మూడూ చెవుల పైన, కణతల లోపల ఉండే మెదడు భాగం దెబ్బతిన్నదని చెబుతాయి. ఆ భాగాన్ని ఏరికోరి పట్టుకునే వైరస్ హెర్పిస్ సింప్లెక్స్. పెదవి మీద జ్వరపు పొక్కులు తెచ్చేదీ అదే. అయితే పెదవి మీద పొక్కు ఉందా లేదా అన్నదాన్ని బట్టి మెదడు సంగతి తేల్చలేం.

హెర్పిస్‌కు కాలం లేదు, ఊరు లేదు, దోమతో పని లేదు. వేసవిలోనూ వస్తుంది, అపార్ట్‌మెంట్ పదో అంతస్తులోనూ వస్తుంది. మందు ఇవ్వకపోతే పది మందిలో ఏడుగురు చనిపోతారు. 1980లలో వచ్చిన ఎసైక్లోవిర్ ఆ లెక్కను మార్చేసింది. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున, ఎనిమిది గంటలకు ఒకసారి, నరంలోకి గంటసేపు మెల్లగా ఎక్కిస్తారు. పధ్నాలుగు నుంచి ఇరవై ఒక్క రోజులు ఇస్తారు. పసిపిల్లల మోతాదు వేరు. మందు మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకోకుండా సెలైన్ కూడా ఇవ్వాలి. మాత్రలు మింగిస్తే సరిపోదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకూడదు. మెదడువాపు అన్న అనుమానం బలంగా ఉంటే మందు మొదలుపెట్టి, హెర్పిస్ కాదని తేలాక ఆపాలి. ఆ కొట్టు యజమాని బతికారు. కానీ పొద్దున ఏమి తిన్నారో మధ్యాహ్నానికి గుర్తుండదు. మొదటి రోజు సాయంత్రమే వచ్చి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆరో అడుగు: ఒక్కో వైరస్ ముఖం

జపనీస్ మెదడువాపు. వరిమళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ, ఆ మళ్ళలో వాలే కొంగలు, ఊరి చివర పందులు. వైరస్ వీటి మధ్యే తిరుగుతుంటుంది. మనిషి దారిలో అడ్డంగా దొరుకుతాడు. మనిషి నుంచి మనిషికి రాదు కాబట్టి రోగి పక్కన కూర్చోవడానికి భయపడక్కర్లేదు. మన దేశంలో 1955లో వెల్లూరు ప్రాంతంలో మొదట గుర్తించారు. ఎక్కువగా పదిహేనేళ్ళ లోపు పిల్లలు, వానల నుంచి చలి మొదలయ్యేదాకా. రెండు మూడు రోజుల జ్వరం, వాంతులు, ఆపైన ఫిట్స్, మగత. కోలుకునే దశలో ముఖంలో భావం పోయి బొమ్మలా ఉండటం, చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం కనబడితే ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. మెదడు నడిబొడ్డున ఉండే థాలమస్‌ను ఈ వైరస్ రెండు పక్కలా దెబ్బతీస్తుంది, ఎంఆర్‌ఐలో అది కనబడుతుంది. జబ్బు ముదిరినవాళ్ళలో నూటికి ఇరవై ముప్ఫై మంది చనిపోతారు. దక్కినవాళ్ళలోనూ చాలామందికి ఏదో ఒక లోపం మిగిలిపోతుంది. ప్రత్యేకమైన మందు లేదు, టీకా ఉంది. జబ్బు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో తొమ్మిది నెలలకు ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇంకొకటి ఇస్తారు.

చాందీపురా. తెలుగువాళ్ళు మర్చిపోకూడని పేరు ఇది. 1965లో నాగపూర్ దగ్గరి ఊరి పేరు మీదుగా వచ్చింది. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో పిల్లలను పొట్టనపెట్టుకుంది. ఆసుపత్రుల్లో చేరిన 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. ఇది మెదడువాపేనా, మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బా అని అప్పుడు వైద్యుల్లోనే వాదన జరిగింది. జపనీస్‌కూ దీనికీ ఉన్న తేడా వేగమే. రాత్రి అన్నం తిని పడుకున్న బిడ్డ తెల్లవారుజామున జ్వరంతో లేచి, మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చి, మర్నాటికి కోమాలోకి జారిపోతుంది. ఆసుపత్రిలో చేరిన ఇరవై నాలుగు గంటల్లోపే పోయినవాళ్ళు ఎందరో. మోసేది దోమ కాదు, ఇసుక ఈగ. దోమలో మూడో వంతు కూడా ఉండదు. మట్టి గోడల పగుళ్ళలో, పశువుల కొట్టంలో, పేడ దగ్గర ఉంటుంది. ఇంకో విచిత్రం, నడుము నుంచి తీసిన నీరు (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీరు) చాలామందిలో మామూలుగానే ఉంటుంది, స్కానింగ్‌లోనూ తొలి గంటల్లో పెద్దగా ఏమీ కనబడదు. పరీక్షలన్నీ బాగున్నాయి, బిడ్డ మాత్రం జారిపోతోంది అంటే చాందీపురా గుర్తుకు రావాలి. 2024లో గుజరాత్‌లో ఇది మళ్ళీ విరుచుకుపడింది.

రేబిస్. మానిపోయిన కాటు దగ్గర తిమ్మిరి, దురద, మంట. ఇదే మొదటి సూచన. సాధారణంగా కరిచిన ఒకటి నుంచి మూడు నెలల్లో, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా. తర్వాత గొంతు పట్టేయడం, నీళ్ళు చూస్తే, ఫ్యాన్ గాలి తగిలితే వణికిపోవడం. మిగతా మెదడువాపుల్లో స్పృహ మసకబారుతుంది. రేబిస్‌లో ఆ వణుకుల మధ్య మనిషి పూర్తి తెలివితో మనతో మాట్లాడతాడు. అది చూడలేం. కొందరిలో ఈ భయాలేవీ లేకుండా కాళ్ళు చేతులు పడిపోతూ వస్తుంది, అప్పుడు గిలాన్ బారే అని పొరబడతారు. జ్వరం ఉండి, మూత్రం బిగిసి, కుక్క కాటు ఉంటే ఆ పొరపాటు చేయకండి. లక్షణాలు వచ్చాక దక్కినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. కరిచిన వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగండి. టీకా అన్ని మోతాదులూ వేయించండి. రక్తం వచ్చిన గాయమైతే గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) కూడా వేయాలి. పసుపు, కారం, సున్నం పెట్టకండి.

నిపా. గబ్బిలాల నుంచి వస్తుంది, రోగి నుంచి ఇంటివాళ్ళకూ ఆసుపత్రి సిబ్బందికీ అంటుకుంటుంది. 2018లో కేరళలోని కోళికోడ్ ప్రాంతంలో ఒకే కుటుంబంలో రెండో మనిషికి అవే లక్షణాలు రావడంతోనే వైద్యులకు అనుమానం కలిగింది. మెదడు లక్షణాలతో పాటు దగ్గు, ఆయాసం ఉండటం, గుండె వేగం, రక్తపోటు అదుపు తప్పడం దీని గుర్తులు. ఒకే ఇంట్లో ఇద్దరంటే ముందు మాస్కు, గ్లవుజులు, విడి గది. ఆ తర్వాతే మిగతా ఆలోచన.

మెల్లగా వచ్చేది ఒకటుంది. పసితనంలో తట్టు వచ్చి తగ్గిపోయిన పిల్లవాడికి ఆరేడేళ్ళ తర్వాత మార్కులు తగ్గుతాయి, రాత పాడవుతుంది, నడుస్తూ ఉలిక్కిపడ్డట్టు ఒళ్ళు జర్కిచ్చి పడిపోతాడు. జ్వరం ఉండదు. బద్ధకం అని బడిలో తిడతారు. తట్టు వైరస్ మెదడులో దాక్కుని చేసే పని ఇది. తట్టు టీకా దీన్ని కూడా ఆపుతుంది.

ఆటలమ్మ తర్వాత వారంలో పిల్లవాడు తూలుతూ నడిస్తే చిన్నమెదడు వాపు. అది దాదాపుగా పూర్తిగా తగ్గిపోతుంది. అదే వైరస్ పెద్దయ్యాక సర్పిగా, ఒంటికి ఒక పక్కనే పట్టీలా వస్తుంది. చెవిలో పొక్కులతో ముఖం ఒక వైపు వంకరపోతే అదీ ఇదే. డెంగీలోనూ స్పృహ తప్పవచ్చు. అప్పుడు ప్లేట్‌లెట్లతో పాటు కాలేయాన్ని, సోడియాన్ని తప్పక చూడాలి.

ఏడో అడుగు: పరీక్షలు, వాటి సమయం

నడుము నుంచి నీరు తీస్తే మనిషి పడిపోతాడన్న భయం ఇంకా పోలేదు. పడిపోడు. మెదడులో ఒత్తిడి ప్రమాదకరంగా ఉందన్న గుర్తులుంటే ముందు స్కాన్ చేస్తారు, అంతే. రోగిని పక్కకు తిప్పి, మోకాళ్ళు ఛాతీకి ఆనేలా ముడిచి, నడుము ఎముకల మధ్య సన్నని సూది గుచ్చుతారు. చుక్క చుక్కగా పడే నీటిని మూడు నాలుగు చిన్న గొట్టాల్లో వరుసగా పడతారు. గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూడండి. తేట నీరులా ఉంటే వైరస్ కావచ్చు. కడుగు నీళ్ళలా ఉంటే బ్యాక్టీరియా. కాసేపు నిలబెట్టాక సాలెగూడు లాంటి పొర కడితే క్షయ. మొదటి గొట్టం ఎర్రగా ఉండి నాలుగోది తేటపడితే ఆ రక్తం సూది గుచ్చినప్పటిది. నాలుగూ ఒకేలా ఎరుపు తిరిగితే మెదడులోనే రక్తం కారుతోంది, హెర్పిస్‌లో అలా ఉండవచ్చు.

వైరస్ అయితే కణాలు పదుల నుంచి వందల్లో, ఎక్కువగా లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు. చక్కెర మామూలుగా ఉంటుంది, అందుకే అదే సమయంలో రక్తంలో చక్కెర కూడా చూసి పోల్చాలి. పోల్చకపోతే ఆ అంకెకు విలువ లేదు.

పేరు తేల్చేవి రెండు పరీక్షలు. వైరస్ జన్యువును పట్టే పీసీఆర్, మన ఒళ్ళు తయారుచేసిన యాంటీబాడీని పట్టే ఐజీఎం. హెర్పిస్‌కు, చాందీపురాకు పీసీఆర్. జపనీస్‌కు వెన్నునీటిలో ఐజీఎం, ఎందుకంటే ఫిట్స్ వచ్చేసరికే వైరస్ రక్తంలోంచి మాయమై ఉంటుంది. సమయం తప్పితే రెండూ మోసం చేస్తాయి. హెర్పిస్ పీసీఆర్ మొదటి మూడు రోజుల్లో లేదని చెప్పవచ్చు. అనుమానం బలంగా ఉంటే మందు ఆపకుండా కొన్ని రోజుల తర్వాత మళ్ళీ నీరు తీయాలి. జపనీస్ ఐజీఎం మొదటి రోజుల్లో లేకున్నా వారం పది రోజులకు బయటపడుతుంది. రక్తంలో మాత్రమే ఐజీఎం ఉంటే తొందరపడకండి. డెంగీ వల్లా, ఇటీవల వేసిన జపనీస్ టీకా వల్లా కూడా అలా రావచ్చు. వెన్నునీటిలో ఉంటేనే గట్టి సాక్ష్యం.

హెర్పిస్ తగ్గి ఇంటికి వెళ్ళిన కొన్ని వారాలకు మనిషి మళ్ళీ వింతగా ప్రవర్తిస్తే, నోరు, చేతులు వాటంతట అవే కదులుతుంటే, అది వైరస్ తిరిగి రావడం ఒక్కటే కాకపోవచ్చు. రక్షణ వ్యవస్థ మెదడు మీదికి తిరగబడే జబ్బు కావచ్చు, దాని చికిత్స పూర్తిగా వేరు. డిశ్చార్జి చేసేటప్పుడే ఈ మాట ఇంటివాళ్ళకు చెప్పి పంపాలి.

ఇన్ని చేసినా చాలామందిలో పేరు దొరకదు. అప్పుడు పనికొచ్చేది దాచిపెట్టిన నమూనా. మొదటి రోజు తీసిన వెన్నునీటిలో, రక్తంలో కొంత భాగాన్ని బాగా చల్లగా ఉండే ఫ్రీజర్‌లో పెట్టించండి. రెండు మూడు వారాలకు ఇంకోసారి రక్తం తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే, పెరిగిన యాంటీబాడీ ఏ వైరస్‌దో అప్పుడు తెలుస్తుంది. గొట్టం మీద పేరుతో పాటు తేదీ, జ్వరం వచ్చి ఎన్నో రోజో కూడా రాయండి.